మీ వంతు చప్పుడు

1976 జూన్ 4, శుక్రవారం. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఫ్రీ ట్రేడ్ హాల్ భవనం పై అంతస్తులో ఉన్న చిన్న హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే లండన్ బ్యాండ్ వాయించింది. టికెట్ 50 పెన్స్. వచ్చినవాళ్లు ఇంచుమించు 40 మంది. ఆ బ్యాండ్ అప్పటికి ఒక్క రికార్డు కూడా విడుదల చేయలేదు. ఆ కచేరీ పెట్టించింది పేరున్న నిర్వాహకులెవరూ కాదు, హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ అనే ఇద్దరు విద్యార్థులు. పత్రికలో ఒక సమీక్ష చదివి, ఆ బ్యాండ్ ఎక్కడ వాయిస్తుందో ఆరా తీసి, అంత దూరం వెళ్లి విని, తమ ఊరికి రమ్మని పిలిచి, హాలు తామే కుదిర్చారు. తమ సొంత బ్యాండ్ బజ్‌కాక్స్‌ని కూడా అదే రాత్రి స్టేజి ఎక్కించాలనుకున్నారు కానీ వేళకు సిద్ధం కాలేకపోయారు.

ఆ 40 మందిలో పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ అనే ఇద్దరు బడి స్నేహితులున్నారు. హుక్ మర్నాడే అమ్మ దగ్గర అప్పు తీసుకుని బేస్ గిటార్ కొన్నాడు. వాళ్లిద్దరూ మొదలుపెట్టిన బ్యాండే తర్వాత జాయ్ డివిజన్ అయింది. గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980లో చనిపోయాక మిగిలినవాళ్లు న్యూ ఆర్డర్ పేరుతో కొనసాగారు. ది ఫాల్ బ్యాండు పెట్టిన మార్క్ ఇ. స్మిత్, కొన్నేళ్లకు ది స్మిత్స్ గాయకుడైన మోరిసీ కూడా ఆ గదిలో ఉన్నవాళ్లే. నెలన్నర తిరిగేసరికి జులై 20న అదే హాల్లో మరో కచేరీ జరిగింది. ఈసారి బజ్‌కాక్స్ సిద్ధమై వాయించారు. 1977 జనవరికల్లా అప్పు చేసి, సొంత లేబుల్ పెట్టుకుని తమ తొలి రికార్డు కూడా తెచ్చారు.

జూన్ 4 రాత్రి స్టేజి మీద మహా విద్వాంసులేమీ లేరు. ఉన్నవాళ్లు తడబడుతూ, గొంతెత్తి, భయం లేకుండా వాయించారు. ఈ మాత్రం మనమూ చేయగలమనిపించిందని హుక్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. అంత దగ్గర నుంచి చూడటం వల్లే ఆ ధైర్యం వచ్చిందని నా నమ్మకం. వేళ్లు తీగ మీద ఎక్కడ పడుతున్నాయో, గాయకుడు ఎప్పుడు ఊపిరి తీసుకుంటున్నాడో, తప్పు పడ్డాక ఎలా సర్దుకుంటున్నాడో కళ్లకు కట్టినట్టు కనిపించింది. దూరం నుంచి చూస్తే ప్రతిభ మాత్రమే కనిపిస్తుంది. పది అడుగుల నుంచి చూస్తే పని కూడా కనిపిస్తుంది.

ఈ పుస్తకంలో ఇంతవరకు ఒంటరిగా చేసే సాధన గురించి మాట్లాడుకున్నాం. నలుగురిలో కలిసిపోవడం కూడా ఒక సాధనే. మనలో చాలామందికి అది రాదు. చిన్నప్పటి నుంచి కదలకుండా కూర్చో, అల్లరి చేయకు, అందరూ చూస్తున్నారు అన్న మాటల మధ్య పెరిగాం. పెళ్లి ఊరేగింపులో తీన్మార్ మోగినా గోడ పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీసేవాళ్లం. మీటింగులో చివరి వరుస, క్లాసులో చివరి బెంచీ, జీవితంలో కూడా అదే చోటు. ఈ బెరుకును వదిలించుకోవడానికి నేను చూసినవాటిలో మంచి చోటు, రెండు మూడు వందల మంది పట్టే గదిలో ఊపుగా సాగే రాక్ కచేరీ. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకైతే వీధి చివరే దొరకవచ్చు. ఆ సంగీతం మీకు ముందే నచ్చి ఉండాల్సిన అవసరం లేదు.

చిన్న గదిలో ఏం జరుగుతుందో కొంచెం లెక్కగా చూద్దాం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. స్టేడియంలో స్టేజికి 100 మీటర్ల దూరంలో ఉన్నవాడికి డ్రమ్మర్ కొట్టిన దెబ్బ దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. అందుకే పెద్ద మైదానాల్లో చప్పట్లు ముందు వరుసల్లో ఒకలా, వెనక మరొకలా పడతాయి. పది మీటర్ల గదిలో ఆ ఆలస్యం 0.03 సెకన్లే, చెవికి తెలియదు. గదిలో ఉన్న అందరికీ తాళం ఒక్కసారే అందుతుంది. అందరి కాలూ ఒక్కసారే నేలను తాకుతుంది. పైగా ఇక్కడ డ్రమ్ము చప్పుడు స్పీకర్లో నుంచే కాదు, డ్రమ్ము మీద నుంచి కూడా నేరుగా వస్తుంది. బేస్ గిటార్ అట్టడుగు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైనే, అంటే గది పొడవుతో పోల్చదగినంత. దాన్ని చెవి కంటే ముందు ఛాతీ పట్టుకుంటుంది.

ఇంకో విషయం చాలామంది గమనించరు. సాయంత్రం సౌండ్ చెక్ సమయంలో ఖాళీ గది ప్రతి దెబ్బనూ గోడల నుంచి తిప్పికొడుతుంది, శబ్దం గలగలలాడుతుంది. జనం నిండాక అదే గదిలో శబ్దం బిగుస్తుంది. మన ఒళ్లు, మన బట్టలు ఆ ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చున్నతను మొదటి పాటలోనే అన్ని మీటలూ మళ్లీ సవరించుకునేది అందుకే. మీరు ఊరికే నిలబడినా ఆ రాత్రి పాట ఎలా వినిపిస్తుందన్నదాన్ని మారుస్తున్నారు.

ఇక ఊరికే నిలబడకపోతే? మన బుర్రకథ ఆలోచించండి. కథకుడు ఎంత గొప్పవాడైనా ఇటూ అటూ డక్కీలు పట్టుకున్న వంతలు అందుకోకపోతే కథ ముందుకు కదలదు. ఒక వంత ప్రశ్న వేయాలి, ఇంకో వంత హాస్యం అందించాలి, ఇద్దరూ కలిసి పల్లవి ఎత్తుకోవాలి. చిన్న హాల్లో రాక్ కచేరీకి ఆ వంత పాడేది శ్రోతలు. స్టేజి మీద ఉన్నవాళ్లకు మన ముఖాలు కనిపిస్తాయి. మూడో వరుసలో ఒక అమ్మాయి తల ఊపడం మొదలుపెడితే గిటారిస్టు అటు తిరుగుతాడు. ఒక మూల నుంచి అరుపు వస్తే డ్రమ్మర్ తర్వాతి దెబ్బ ఇంకాస్త బలంగా వేస్తాడు. అది విని ఇంకో పదిమంది ముందుకు జరుగుతారు. ఎవరు ఎవర్ని కదిపారో కాసేపటికి చెప్పలేం.

కాబట్టి మీరు ముందుగా చేయాల్సిన పని, వేళకు వెళ్లడం. అసలు బ్యాండు రాత్రి తొమ్మిదికి కదా అని ఎనిమిదిన్నరకు వెళ్లేవాళ్లు ఎక్కువ. ముందు వాయించే బ్యాండుకు ఐదారుగురు శ్రోతలు, బార్ దగ్గర కబుర్లాడేవాళ్లు, దర్వాజా దగ్గర సెక్యూరిటీ మాత్రమే మిగులుతారు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ కుర్రాళ్లు యాంప్‌లు, డ్రమ్ములు ఆటోల్లో, కార్ల డిక్కీల్లో మోసుకొచ్చి ఉంటారు. స్టేజికి రెండు మీటర్ల దూరంలో, మొదటి బ్యాండు మొదటి పాటకే నిలబడండి. మీరొక్కరే నిలబడినా సరే. గది మధ్య ఆ ఖాళీ జాగాలోకి మొదట అడుగుపెట్టడం కష్టం. అందరూ నన్నే చూస్తున్నారనిపిస్తుంది. నిజానికి వాళ్లు చూస్తున్నది మీ వెనకాల తామూ రావచ్చా అని. మీటింగులో మొదటి ప్రశ్న అడగడానికీ, కొత్త ఊళ్లో పక్కింటి తలుపు తట్టడానికీ కావాల్సింది ఈ ఒక్క అడుగే. ఇక్కడ దాన్ని నేర్చుకోవడం తేలిక, ఎందుకంటే చప్పుడు మీ తరపున మాట్లాడుతుంటుంది.

ఎక్కడ నిలబడాలన్నది రుచిని బట్టి. బాగా వినాలంటే సౌండ్ మిక్సర్‌కు కాస్త ముందుగా, గది మధ్యన నిలబడండి. అతను వింటున్నదే మీరూ వింటారు. ఒకచోట బేస్ అంతా మింగేస్తున్నట్టుంటే రెండు మూడు అడుగులు పక్కకు జరిగి చూడండి. అంత పొడవాటి తరంగాలు గోడలకు తగిలి తిరిగొచ్చి గదిలో కొన్నిచోట్ల పేరుకుంటాయి, కొన్నిచోట్ల చెల్లిపోతాయి. స్పీకర్ ముందు మాత్రం నిలబడకండి. దగ్గరగా చూడాలని ఉన్నా స్పీకర్ల మధ్య జాగానే వెతుక్కోండి.

చెవుల విషయంలో నేను చాలా పట్టుదలగా చెబుతాను, ఎందుకంటే పోయిన వినికిడి మళ్లీ రాదు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటల వరకు వినవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ పరిమితి పెట్టింది. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, 100 దగ్గర పావుగంట. చిన్న హాల్లో రాక్ బ్యాండు వంద దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ స్థలాల కోసం ఇచ్చిన ప్రమాణంలో కూడా పావుగంట సగటు 100 డెసిబెల్స్ మించకూడదని చెప్పింది. ప్రేక్షకులకు చెవి రక్షణ అందుబాటులో ఉంచమంది, కాసేపు సేదతీరేందుకు నిశ్శబ్దంగా ఉండే చోటు చూపమంది. ది హూ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి దెబ్బతిన్న సంగతి ఎన్నో ఏళ్లుగా బాహాటంగా చెబుతూ వచ్చాడు.

దూది సరిపోదు. మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ కొనుక్కోండి, ఖరీదు కూడా తక్కువే. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో తల మీదుగా చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేవరకు వేలితో ఆపి ఉంచాలి. చాలామంది సగం మాత్రమే దూర్చి, పనిచేయడం లేదంటారు. తరచూ వెళ్లేవాళ్లైతే సంగీతకారుల కోసం చేసే ప్లగ్స్ తీసుకోవడం మంచిది. ఫోమ్‌వి పై స్వరాలను ఎక్కువగా మింగేస్తాయి, ఇవి అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, మాటలు కూడా స్పష్టంగా వినిపిస్తాయి. మధ్యలో పది నిమిషాలు బయటికి వెళ్లి రండి. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మంటూ ఉండి మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. పసిపిల్లల్ని ఎత్తుకుని రావద్దు. కాస్త పెద్ద పిల్లలైతే హెడ్‌ఫోన్‌లా పైనుంచి కప్పే రక్షణ పెట్టి, వెనక వరుసల్లో కాసేపు మాత్రమే ఉంచండి.

ఇప్పుడు తోపులాట సంగతి. స్టేజి ముందు జనం గెంతుతూ, ఒకరినొకరు భుజాలతో ఢీకొట్టుకుంటూ తిరిగే చోటుని పిట్ అంటారు. కొత్తవాళ్లకు అది కొట్లాటలా కనిపిస్తుంది. నిజానికి మంచి పిట్‌లో నియమాలు కఠినంగా ఉంటాయి. ఎవరైనా కింద పడితే చుట్టూ ఉన్నవాళ్లంతా ఆగి వెంటనే లేపాలి. షూ లేసు కట్టుకోవడానికి వంగినవాడి చుట్టూ చేతులు చాచి అడ్డుగా నిలబడాలి. కళ్లజోడు దొరికితే చెయ్యెత్తి పైకి చూపించాలి. మోచేతులు ఎత్తకూడదు. రాను అన్నవాళ్లను లోపలికి లాగకూడదు. ఆడపిల్లల మీద చెయ్యేస్తే అది ప్రమాదవశాత్తూ జరిగిందని ఊరుకోకూడదు. పక్కనున్నవాళ్లే అడ్డుపడాలి, సెక్యూరిటీని పిలవాలి. గుంపులో ఒళ్లు మరిచి గెంతుతూనే పక్కవాడి మీద కన్నేసి ఉంచడం అలవాటు కావాలి. ఇంతకంటే మంచి పౌర శిక్షణ నాకు తెలియదు.

ఈ విషయంలో నేను ఎప్పుడూ తలచుకునే బ్యాండు ఫుగాజి. 1987లో వాషింగ్టన్‌లో తొలి కచేరీ ఇచ్చింది. గాయకుడు ఇయాన్ మెకై. వాళ్లు టికెట్ ఐదు డాలర్ల దగ్గరే ఉంచేందుకు పట్టుబట్టేవారు. ఏ వయసువాళ్లనైనా రానివ్వాలనేవారు, ఎందుకంటే బార్లలో జరిగే కచేరీలకు పాటంటే ప్రాణమిచ్చే పిల్లలకే ప్రవేశం ఉండేది కాదు. ముందు వరుసలో ఎవడైనా పక్కవాళ్లను కొడుతుంటే పాట మధ్యలో ఆపేసి, పేరుపెట్టి పిలిచినంత సూటిగా అతనితో మాట్లాడేవారు. వినకపోతే ఐదు డాలర్లు కవరులో పెట్టి వాపసిచ్చి బయటికి పంపేవారు. ఆ బ్యాండు సంగీతం మామూలు ఉధృతం కాదు, గోడలు అదిరేవి. అయినా అంత ఉధృతానికీ ఒకరికొకరు భద్రంగా ఉండటానికీ పేచీ లేదని వాళ్లు పదిహేనేళ్లు చేసి చూపించారు. మీ ఇంట్లో, ఆఫీసులో, స్నేహితుల మధ్య ఉత్సాహం హద్దు మీరినప్పుడు అందరి ముందూ ఆపి, మర్యాదగా, కచ్చితంగా చెప్పడం ఎలాగో నేర్చుకోవాలనుంటే వాళ్ల కచేరీల వీడియోలు చూడండి.

ఫోన్ మాట ఒకటి. ఒక పాట రికార్డు చేసుకోండి, అది చాలు. తర్వాత జేబులో పెట్టేయండి. చెయ్యెత్తి ఫోన్ పట్టుకున్నవాడు చప్పట్లు కొట్టలేడు, వెనకవాడికి స్టేజి కనిపించదు, పాడేవాడికి మీ ముఖం కనిపించదు.

మీలో స్టేజి ఎక్కేవాళ్లు కూడా ఉంటారు. బ్యాండు కావచ్చు, నాటకం కావచ్చు, నలుగురి ముందు మాట్లాడటం కావచ్చు. వాళ్లకు చెప్పాల్సింది బీటిల్స్ చరిత్రలో ఉంది. 1961 డిసెంబర్ 9న వాళ్లు లివర్‌పూల్ నుంచి దక్షిణ ఇంగ్లండులోని ఆల్డర్‌షాట్‌కు అంత దూరం ప్రయాణించి వాయించారు. స్థానిక పత్రికలో ప్రకటన పడలేదు. వచ్చింది 18 మంది. వాళ్లు వాయించడం మానలేదు. రెండో భాగంలో సరదాగా హాల్లోకి దిగి కలిసి నాట్యం కూడా చేశారు. అప్పటికే వాళ్లకు చిన్న గదుల సాధన బాగా ఉంది. 1960 ఆగస్టులో హాంబర్గ్‌లోని ఇంద్ర క్లబ్‌లో మొదలుపెట్టి రాత్రికి నాలుగున్నర గంటలు, వారాంతాల్లో ఆరు గంటలు వాయించేవారు. కదలండి, ఆట చూపించండి అని క్లబ్ యజమాని బ్రూనో కోష్మీడర్ జర్మన్‌లో అరిచేవాడు. తర్వాత లివర్‌పూల్‌లో కావర్న్ క్లబ్ అనే ఇటుక కమానుల నేలమాళిగలో రెండున్నరేళ్లలో దాదాపు 290 సార్లు వాయించారు. చాలాసార్లు మధ్యాహ్న భోజన విరామంలో, ఆఫీసుల నుంచి వచ్చిన గుమస్తా అమ్మాయిల ముందు. వాళ్ల మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ మొదటిసారి చూసింది కూడా 1961 నవంబర్ 9న, అలాంటి ఒక మధ్యాహ్నమే.

రానివాళ్ల గురించి స్టేజి మీద మాట్లాడకండి. హాలు సగం ఖాళీగా ఉందని మైకులో అంటే, టికెట్ కొని వచ్చినవాళ్లకు తాము తక్కువైనట్టు అనిపిస్తుంది. వచ్చినవాళ్లను ముందుకు పిలవండి. వాళ్ల కళ్లల్లోకి చూడండి. పాటల మధ్య శ్రుతి చేసుకునే నిశ్శబ్దాన్ని కుదించండి. న్యూయార్క్‌లో సీబీజీబీ క్లబ్‌లో 1974లో మొదలుపెట్టిన రమోన్స్ పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకునే సమయం కూడా ఇచ్చేవారు కాదు. వాళ్ల తొలినాటి ప్రదర్శన మొత్తం పావుగంటో, ఇరవై నిమిషాలో. ఆ క్లబ్ యజమాని హిల్లీ క్రిస్టల్ పెట్టిన షరతు, సొంత పాటలే వాయించాలని. మీకూ అదే సలహా ఇస్తాను. నాలుగు సొంత పాటలతో ఇరవై నిమిషాలు వాయించి దిగిపోవడం, ఇతరుల పాటలతో రెండు గంటలు లాగడం కంటే మేలు. తెలుగులో రాసుకోండి. మన ద్విత్వాలు, గట్టి హల్లులు డ్రమ్ముల మీద చక్కగా కూర్చుంటాయి.

కచేరీ అయ్యాక ఒళ్లంతా వేడిగా, నిద్ర పట్టనంత ఉత్సాహంగా ఉంటుంది. అది రెండు రోజుల్లో దిగిపోతుంది. అందుకే ఆ రెండు రోజుల్లోపే ఏదో ఒక పని మొదలుపెట్టండి. సంగీతమే కానక్కర్లేదు. ఆగిపోయిన కథ తిరిగి రాయవచ్చు, నాన్నతో మాట్లాడాల్సిన మాట మాట్లాడవచ్చు, అటక మీది హార్మోనియం దించి తుడవవచ్చు.

కొందరికి ఇలాంటి కచేరీ తామే పెట్టించాలనిపిస్తుంది. పెట్టించండి. చిన్న గదులు మూతపడుతున్న కాలమిది. ముంబై బ్లూ ఫ్రాగ్ 2016లో, బెంగళూరు హమ్మింగ్ ట్రీ 2019లో తలుపులు మూశాయి. మీ ఊళ్లో రిహార్సల్ గది, కాలేజీ సెమినార్ హాలు, వారం మధ్యలో ఖాళీగా ఉండే కేఫ్ చూడండి. మన దేశ శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసి ఉన్న ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటి చోట్లకు మినహాయింపు ఉంది. అయినా తొమ్మిదిన్నరకల్లా ముగించేలా పెట్టుకుంటే ఇరుగుపొరుగు మీతో ఉంటారు. రెండు రోజుల ముందే వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పండి, కుదిరితే పిలవండి. ఇతరుల పాటలు వాయించాలంటే హక్కుదారుల సంస్థల లైసెన్సు కావాలి. సొంత పాటలైతే ఆ బాదరబందీ చాలావరకు ఉండదు. ఒక రాత్రికి రెండు బ్యాండులు చాలు, డ్రమ్ కిట్ ఇద్దరికీ ఒకటే పెట్టండి, సామాను మార్చే సమయం కలిసొస్తుంది. తాగునీళ్లు ఉచితంగా పెట్టండి. దర్వాజా దగ్గర ఒక గిన్నెలో ఇయర్ ప్లగ్స్ ఉంచండి. బయటికి వెళ్లే దారికి అడ్డంగా ఏ స్పీకరూ, ఏ పెట్టే పెట్టకండి. వసూలైన డబ్బులో నుంచి ముందు సౌండ్ మనిషికి, తర్వాత హాలుకు, ఆ తర్వాత బ్యాండులకు అదే రాత్రి చేతికిచ్చేయండి.